ఆటోమేటిక్ కొంటే మైలేజీ పోయినట్టేనా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఎస్‌యూవీల గేర్‌బాక్సుల గురించే. మధ్యలో కూరగాయల లోడు తోలే ఒక పికప్ ఓనరు కూడా రాశారు, నిజం చెప్పాలంటే అన్నింట్లోకీ ఆయన ప్రశ్నే గట్టిది. ఉత్తరాలు పెద్దవి, కుదించి వేస్తున్నాం. లెక్కల్లో లీటరు పెట్రోలు 107, డీజిల్ 95 రూపాయలు అనుకుని వేశాను, మీరు చదివేనాటికి రేటు మారితే దాన్నిబట్టి సరిచేసుకోండి.

ప్రశ్న: మాది నిజాంపేట, ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో. జేఎన్‌టీయూ, హైటెక్ సిటీ మీదుగా రానూపోనూ 40 కిలోమీటర్లు. ఇప్పుడున్నది మాన్యువల్ కారు, క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు పట్టేస్తోంది. క్రెటా తీసుకుందామనుకుంటున్నాను. మా మామగారేమో ఆటోమేటిక్ అంటే డీజిల్ తాగేస్తుంది, డీజిల్ మాన్యువల్ కొను అంటున్నారు. షోరూమ్‌లో ఐవీటీ, డీసీటీ, టార్క్ కన్వర్టర్ అని మూడు పేర్లు చెప్పి తల తినేశారు. ఏది మంచిది?

మామగారి మాట తీసిపారేయకండి, ఒకప్పుడు అది నిజమే. అప్పటి ఆటోమేటిక్‌లకు నాలుగు గేర్లే ఉండేవి, ఇంజిన్ బలం గేర్‌బాక్సుకి టార్క్ కన్వర్టర్ అనే భాగంలోని ఆయిల్ ద్వారా అందేది, అందులో కొంత ఉత్త వేడి కింద పోయేది. ఇప్పటి ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్‌లోనూ ఆయిల్ ఉంటుంది కానీ బండి కాస్త వేగం అందుకోగానే లోపల లాకప్ క్లచ్ పట్టేసుకుంటుంది, ఇక జారడం ఉండదు. ట్రాఫిక్‌లో పాకుతున్నప్పుడు మాత్రం ఆ లాకప్ విడిపోయి పాత కథే. అయితే అదే ట్రాఫిక్‌లో మాన్యువల్ నడిపేవాడు కూడా హాఫ్ క్లచ్ మీద పాకుతూ డీజిల్‌తో పాటు క్లచ్ ప్లేటు కూడా అరగదీస్తుంటాడు, ఆ సంగతి మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

కంపెనీ చెప్పిన అంకెలే చూడండి. 2024లో వచ్చిన క్రెటాలో 1.5 పెట్రోలు మాన్యువల్‌కి లీటరుకు 17.4 కిలోమీటర్లు, అదే ఇంజిన్ ఐవీటీతో 17.7. అంటే కాగితం మీద ఆటోమేటికే ఒక పిసరు ఎక్కువ. డీజిల్‌లో తిరగబడుతుంది, మాన్యువల్ 21.8, ఆటోమేటిక్ 19.1. ఈ అంకెలు ల్యాబ్‌లో రోలర్ల మీద, ఏసీ ఆపేసి, 90 దాటకుండా నడిపి తీసినవి, అందులో జేఎన్‌టీయూ జంక్షన్ లేదు. కాబట్టి మీకు రోడ్డు మీద ఈ అంకెలు రావు, కానీ రెండు గేర్‌బాక్సుల మధ్య తేడా ఏ పక్కకుందో తెలుస్తుంది.

ఇప్పుడు డబ్బుల్లో చూద్దాం. మీ ట్రాఫిక్‌లో డీజిల్ మాన్యువల్ 14 ఇచ్చి, ఆటోమేటిక్ 13 ఇచ్చిందనుకోండి. నెలకు 1000 కిలోమీటర్లకు తేడా ఐదున్నర లీటర్లు, అంటే 520 రూపాయలు. మోకాలికి ఒక ఫిజియోథెరపీ సిట్టింగ్‌కి సరిపోతుందేమో. అసలు దెబ్బ మైలేజీలో లేదు, కొనేటప్పుడు ఆటోమేటిక్‌కి పైన కట్టే లక్ష, లక్షన్నరలో ఉంది. బేరం ఆలోచించాల్సింది అక్కడ.

ఇక ఆ మూడు పేర్లు. ఐవీటీ అంటే హ్యుందాయ్ వాళ్లు సీవీటీకి పెట్టుకున్న పేరు, అందులో గేర్లు ఉండవు, రెండు పుల్లీల మధ్య బెల్టు లాంటిది తిరుగుతుంటుంది, ఇంజిన్‌ని తక్కువ తాగే వేగం దగ్గరే ఉంచడానికి చూస్తుంది. మెల్లగా తొక్కేవాళ్లకు ఇంతకంటే హాయి లేదు. ఒక్కసారిగా తొక్కితే మాత్రం ఇంజిన్ అరుస్తుంది, బండి తీరిగ్గా కదులుతుంది. డీసీటీలో రెండు క్లచ్‌లు, ఒకటి బేసి గేర్లకు, ఒకటి సరి గేర్లకు. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద దీని మజానే వేరు. కానీ అడుగు అడుగు పాకే ట్రాఫిక్‌లో, ముఖ్యంగా ఆయిల్‌లో మునగని డ్రై క్లచ్ రకానికి, క్లచ్‌లు సగం సగం పట్టి వేడెక్కుతాయి. టార్క్ కన్వర్టర్ మొరటుది, బరువైనది, కానీ పాకడానికే పుట్టింది, ఆయిల్ దెబ్బ కాస్తుంది.

మీరు అడగలేదు కానీ నాలుగోది ఏఎంటీ, క్రెటాలో లేదు, చిన్న ఎస్‌యూవీల్లో చాలావాటిలో ఉంది. అది ఉత్త మాన్యువల్ గేర్‌బాక్సే, మీ కాలు చేసే పని ఒక చిన్న యంత్రం చేస్తుంది. మైలేజీ మాన్యువల్‌కి దాదాపు సమానం, ధర తక్కువ, గేరు మారినప్పుడల్లా తల ఒక్కసారి ముందుకు ఊగుతుంది. కొందరికి వారంలో అలవాటైపోతుంది, కొందరికి జన్మలో అలవాటు కాదు.

డీజిలా పెట్రోలా అన్నది వేరే లెక్క. సిటీలో పెట్రోలు ఆటోమేటిక్ 11 ఇస్తే కిలోమీటరుకు 9 రూపాయల 70 పైసలు, డీజిల్ ఆటోమేటిక్ 13 ఇస్తే 7 రూపాయల 30 పైసలు. మిగిలేది 2 రూపాయల 40 పైసలు. డీజిల్ బండికి లక్షన్నర ఎక్కువ పెట్టారనుకుంటే అది తిరిగి రావడానికి 60 వేల కిలోమీటర్ల పైన తిరగాలి, మీ తిరుగుడుకి ఐదేళ్లు. ప్రతి శనివారం విజయవాడ వెళ్లొచ్చే రకమైతే డీజిల్ టార్క్ కన్వర్టర్ తీసుకోండి, లేదంటే పెట్రోలు ఐవీటీ చాలు. నా ఓటు ఐవీటీకే.

బడ్జెట్ ఇంకొంచెం సాగితే హైరైడర్, గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్‌లు, అంటే పెట్రోలు ఇంజిన్‌కి తోడు బ్యాటరీ మోటారు ఉన్నవి, కూడా నడిపి చూడండి. కంపెనీ లెక్క లీటరుకు 27.97 కిలోమీటర్లు. మీరు బ్రేక్ వేసినప్పుడల్లా కొంత బ్యాటరీలోకి తిరిగొస్తుంది, నెమ్మదిగా పాకేటప్పుడు చాలాసేపు మోటారే లాగుతుంది, అందుకే ట్రాఫిక్ దానికి శత్రువు కాదు. హైవే మీద ఆ తేడా బాగా తగ్గిపోతుంది.

ఒక్క మాట. టెస్ట్ డ్రైవ్ ఆదివారం పొద్దున ఖాళీ రోడ్డు మీద ఇస్తారు, ఒప్పుకోకండి. పని రోజు సాయంత్రం ఆరున్నరకు అడగండి. కుదిరితే మీ అపార్ట్‌మెంట్‌కి తెచ్చి సెల్లార్ ర్యాంప్ మధ్యలో ఆపి మళ్లీ కదిలించండి. వెనక్కి జారుతుందా, వణుకుతుందా, కాలిన వాసన వస్తుందా అన్నది సేల్స్ కుర్రాడి మాటల్లో తెలియదు, అక్కడ అర నిమిషంలో తెలుస్తుంది.

ప్రశ్న: రిటైర్డ్ ఉద్యోగిని, దిల్‌సుఖ్‌నగర్. ఏటా శ్రీశైలం వెళ్తాం. ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వేస్తే డీజిల్ మిగులుతుందని మా డ్రైవర్ అంటాడు. నిజమేనా?

కాదండీ, అబద్ధం, పైగా ప్రమాదం. ఇప్పటి ఇంజిన్లలో బండి గేర్‌లో ఉండి మీరు యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే ఇంజెక్టర్లు డీజిల్ పంపడమే మానేస్తాయి, చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతాయి. న్యూట్రల్‌లో వేశారంటే ఇంజిన్ ఆగకుండా ఉండాలి కాబట్టి ఐడిల్ మీద డీజిల్ కాలుతూనే ఉంటుంది. అంటే మీ డ్రైవర్ మిగిలిస్తున్నాననుకుని ఖర్చు పెడుతున్నాడు. ఈగలపెంట దాటాక డ్యామ్ వైపు దిగే మలుపుల్లో బండిని పట్టి ఉంచేది ఎక్కేటప్పుడు వేసిన గేరే, మూడో రెండో. ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్‌లోకి లాగి గేరు తగ్గించండి. బ్రేకుల మీదే దిగితే అవి వేడెక్కి, మీకు అవసరమైనప్పుడు పట్టవు. కాలిన వాసన వచ్చిందంటే ఎక్కడైనా వెడల్పు చోటు చూసి ఆపి చల్లారనివ్వండి, నీళ్లు మాత్రం పోయకండి.

ప్రశ్న: చేవెళ్ల దగ్గర మా ఊరు. బొలెరో పికప్, మూడేళ్ల బండి. రోజూ రాత్రి రెండింటికి టమాటా, క్యారెట్ లోడుతో గుడిమల్కాపూర్ మార్కెట్‌కి. మునుపు లీటరుకు 13 వచ్చేది, ఇప్పుడు 10 దాటట్లేదు. డ్రైవర్‌ని మార్చినప్పటి నుంచే ఇది. డీజిల్ తీసి అమ్ముకుంటున్నాడని ఇంట్లో అంటున్నారు. ఆటోమేటిక్ పికప్ కొంటే డ్రైవర్ ఎవరైనా ఒకే మైలేజీ వస్తుందా?

ముందు ఆ పిల్లాడి మీద దొంగతనం వేయకండి అన్నా. పది రోజులు ఆగి లెక్క తేల్చండి. మార్కెట్ నుంచి తిరిగొచ్చేటప్పుడు ఖాళీ బండితో మీరే పక్కన కూర్చుని ట్యాంక్ ఫుల్ చేయించండి, నాజిల్ టక్కున ఆగాక ఇంకొంచెం, ఇంకొంచెం అని పోయించకండి. కిలోమీటర్లు రాసుకోండి. నాలుగైదు ట్రిప్పులయ్యాక అదే బంకులో అదే పంపు దగ్గర, బండి అదే వైపు నిలబెట్టి మళ్లీ ఫుల్ చేయించండి. ఐదొందలు, వెయ్యి రూపాయలకు పోయించుకుంటూ వేసే లెక్క లెక్క కాదు. ఆ నాలుగైదు ట్రిప్పులూ వేసిన లోడు ఎన్ని క్రేట్లో కూడా రాయండి, ఎందుకంటే 13 వచ్చిన రోజుల్లో క్యాబిన్ ఎత్తు దాకా వేసి, ఇప్పుడు దాని మీద ఇంకో రెండు వరసలు వేస్తుంటే తప్పు డ్రైవర్‌ది కాదు, బండిది కూడా కాదు. బరువు ఒకటే కాదు, ఎత్తు పెరిగితే గాలి కూడా ఆపుతుంది, టార్పాలిన్ సరిగా బిగించక పటపట కొట్టుకుంటుంటే ఇంకా ఎక్కువ.

తర్వాత బండి. మార్కెట్‌లో ఆగిన వెంటనే, లోడు దించకముందే నాలుగు చక్రాల దగ్గరకీ వెళ్లి హబ్ దగ్గర అరచెయ్యి పెట్టండి, తాకొద్దు, బెత్తెడు దూరంలో. మూడు గోరువెచ్చగా ఉండి ఒకటి సెగ కొడుతుంటే అక్కడ బ్రేక్ పట్టేసి ఉంది. బండి చేవెళ్ల నుంచి బ్రేక్ వేసుకునే వచ్చినట్టు. నేను చూసిన పికప్‌లలో ఉన్నట్టుండి మైలేజీ పడిపోయినవాటికి ఎక్కువగా దొరికిన కారణం ఇదే. హ్యాండ్‌బ్రేక్ కేబుల్ వదలకపోయినా ఇంతే, అప్పుడు వెనక రెండూ వేడిగా ఉంటాయి. టైర్లలో గాలి వారానికోసారి చల్లగా ఉన్నప్పుడు కొట్టించండి, లోడు ప్రెజర్ వేరు, ఖాళీ ప్రెజర్ వేరు, డోర్ దగ్గర స్టిక్కర్ మీదో బండి పుస్తకంలోనో రాసి ఉంటుంది. ఎయిర్ ఫిల్టర్ మీ పొలం దారి దుమ్ముకి తొందరగా మూసుకుపోతుంది, కంపెనీ చెప్పిన కిలోమీటర్ల దాకా ఆగకండి.

క్లచ్ సంగతి మీరే చూడొచ్చు. నాలుగో గేరులో 40 మీద వెళ్తూ గట్టిగా తొక్కండి. ఇంజిన్ మోత పెరిగి స్పీడు పెరగకపోతే ప్లేటు జారుతోంది. కొత్త డ్రైవర్ ఎడమ కాలు ఎక్కడ పెడుతున్నాడో ఒక ట్రిప్పు పక్కన కూర్చుని చూడండి, క్లచ్ పెడల్ మీదే కాలు ఆనించి నడిపే అలవాటుంటే మైలేజీ, ప్లేటు రెండూ పోతాయి.

ఇక గేర్లు. రెండు రకాల డ్రైవర్లు ఉంటారు. ఒకడు మూడో గేరులోనే గీపెట్టించి లాగుతాడు. ఇంకొకడు డీజిల్ మిగలాలని 35 మీదే ఐదో గేరు వేసి కూర్చుంటాడు, ఇంజిన్ దడదడ కొట్టుకుంటుంది, చడావు రాగానే కాలు నేలకంటా తొక్కుతాడు. మొదటివాడు ఎక్కువ తాగిస్తాడు, రెండోవాడు మిగిలించింది క్లచ్‌కీ ఇంజిన్‌కీ పెట్టిస్తాడు. ఇలాంటి డీజిల్ ఇంజిన్లకు బలం సుమారు 1500 నుంచి 2200 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) మధ్యలో ఉంటుంది, ముల్లు ఆ మధ్యలో ఉండేలా గేరు మారిస్తే చాలు. మర్రిచెట్ల రోడ్డు మీద రాత్రిపూట ఖాళీగా ఉందని 80 తోలేవాడికీ, 60 మీద తీరిగ్గా వచ్చేవాడికీ ట్రిప్పుకు తేడా పది నిమిషాలు. మార్కెట్ గేటు దగ్గర లైన్లో ఆ పది నిమిషాలు ఎలాగూ పోతాయి.

ఆటోమేటిక్ గురించి అడిగారు. మీ ఆలోచన తప్పు కాదు, పెద్ద లారీల కంపెనీలు చేసిందీ అదే. వోల్వో వాళ్ల ఐ-షిఫ్ట్ 2001లో వచ్చింది, పన్నెండు గేర్లు, క్లచ్ పెడల్ ఉండదు, కంప్యూటరే బరువు, చడావు చూసి గేరు వేస్తుంది. దానివల్ల మంచి డ్రైవర్ ఇంకా మంచిగా నడపడని కాదు, అంతంతమాత్రం డ్రైవర్ కూడా మంచి డ్రైవర్ దరిదాపుల్లోకి వస్తాడని. పది లారీలున్న ఓనరుకి అది పనికొస్తుంది. మీ సైజు బండ్లలో ఇప్పటికీ మాన్యువల్‌దే రాజ్యం, ఒక్క బండి కోసం గేర్‌బాక్స్ వెతుక్కుంటూ వెళ్లకండి. బండి మారుస్తుంటే సీఎన్‌జీ గురించి ఆలోచించొచ్చు, మీ రూట్లో బంకు ఉంటేనే సుమా. అది కిలోల్లో పోస్తారు, లీటరు మైలేజీతో కిలో మైలేజీ పోల్చకండి, కిలోమీటరుకి ఎన్ని రూపాయలో అదొక్కటే చూడండి.

ప్రశ్న: అన్నా, సైనిక్‌పురి నుంచి. థార్ డీజిల్. 255/65 ఆర్18 టైర్లు తీసేసి 285/65 ఆర్18 ఆల్ టెర్రైన్ వేయించా, పైన క్యారియర్ కూడా. మైలేజీ 12.5 నుంచి 10కి పడింది. ఓఆర్ఆర్ మీద గ్రిప్ కోసం ఫోర్ హై వేస్తున్నా, దానివల్లా?

తమ్ముడూ, ముందు ఆ ఫోర్ హై, అదే నాలుగు చక్రాలకూ బలం పంపే మోడ్, తీసెయ్. నీ బండిలో ఉన్నది పార్ట్ టైమ్ ఫోర్ బై ఫోర్, ముందు వెనక వేగాల తేడా సర్దే డిఫరెన్షియల్ మధ్యలో లేదు. పొడి తారు రోడ్డు మీద మలుపు తిరిగినప్పుడు ముందు చక్రాలు, వెనక చక్రాలు వేర్వేరు వేగంతో తిరగాలి, ఫోర్ హై వాటిని తిరగనివ్వదు. మట్టిలో అయితే టైరు జారి సర్దుకుంటుంది, ఓఆర్ఆర్ మీద ఎక్కడ జారుతుంది? ఆ ఒత్తిడంతా ముందు వెనక చక్రాలకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ మీద పడుతుంది. డీజిల్ సంగతి తర్వాత, ఆ రిపేరు బిల్లు చూస్తే నీకు జ్వరం వస్తుంది.

టైర్ల విషయంలో నీ లెక్కే కొంచెం తప్పు. పాత టైరు ఎత్తు సుమారు 789 మిల్లీమీటర్లు, కొత్తది 828. దాదాపు ఐదు శాతం పెద్దది. టైరు ఒక చుట్టు తిరిగితే బండి ఎక్కువ దూరం పోతుంది, మీటర్‌కి ఆ సంగతి తెలియదు. అంటే మీటర్ 100 కిలోమీటర్లు అంటే నువ్వు తిరిగింది 105. నీ 10 నిజానికి పదిన్నర. స్పీడు కూడా అంతే, 95 చూపిస్తుంటే నువ్వు 100 దగ్గర ఉన్నావు, కెమెరాల దగ్గర గుర్తుపెట్టుకో.

మిగిలిన రెండు కిలోమీటర్లూ పోయింది నిజమే. బరువైన టైరు, గరుకు పట్టీలు, పైన క్యారియర్. గాలి అడ్డు వేగంతో పాటు వర్గంలో పెరుగుతుంది, 80 మీద ఉన్నదానికి 120 మీద రెండుంబావు రెట్లు. థార్ ముందే నిలువు గోడలా ఉంటుంది, దాని నెత్తిన క్యారియర్ పెట్టి 120 తోలితే ఏ బండైనా తాగుతుంది. క్యారియర్ టూర్ వెళ్లేటప్పుడే బిగించుకో. టైర్లు ఉంచుకుంటావో మారుస్తావో నీ ఇష్టం, బాగున్నాయంటే బాగున్నాయి, కానీ మైలేజీ గురించి మళ్లీ ఉత్తరం రాయకు.

ప్రశ్న: మారేడ్‌పల్లి. సెకండ్ హ్యాండ్‌లో బీఎస్6 డీజిల్ ఆటోమేటిక్ ఎస్‌యూవీ కొన్నాం. పిల్లల స్కూలు, కూరగాయలు, అంతా మూడు నాలుగు కిలోమీటర్ల లోపే. తరచూ డీపీఎఫ్ లైటు వెలుగుతోంది, మైలేజీ 9. గేర్‌బాక్స్ పోయిందంటున్నాడు మెకానిక్.

గేర్‌బాక్స్ జోలికి వెళ్లనివ్వకండి మేడమ్. 2020 ఏప్రిల్ నుంచి అమ్మిన బీఎస్6 (పొగ కాలుష్య ప్రమాణం) డీజిల్ బండ్లకు సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, అదే డీపీఎఫ్. నిండాక ఆ మసిని బాగా వేడి చేసి కాల్చేయాలి. దానికి బండి ఆగకుండా కొంతసేపు తిరగాలి, మీరు స్కూలు గేటు దగ్గరకొచ్చి ఆపేస్తున్నారు. బండి మొదలుపెడుతుంది, సగంలో ఆగిపోతుంది, మళ్లీ మొదలుపెడుతుంది. అలా మొదలుపెట్టినప్పుడల్లా ఎక్కువ డీజిల్ కాలుస్తుంది, మీ 9కి అది పెద్ద కారణం. మిగతాది ఇంజిన్ వేడెక్కకముందే ప్రయాణం అయిపోవడం.

లైటు పసుపు రంగులో ఉంటే ట్యాంకులో డీజిల్ చూసుకుని శామీర్‌పేట వైపు ఓఆర్ఆర్ ఎక్కి ఒక ఇరవై నిమిషాలు 70 పైన నిలకడగా నడపండి. మాన్యువల్ మోడ్‌లో ఒక గేరు తగ్గించి 2000 ఆర్‌పీఎం పైన ఉంచితే ఇంకా మంచిది. మధ్యలో ఆపొద్దు. లైటు ఎర్రగా మారినా, ఇంజిన్ బలం తగ్గించేసినా ఈ పని చేయకండి, నేరుగా సర్వీస్ సెంటర్‌కే. డీపీఎఫ్ తీసేసి పైపు పెడతామని ఎవరైనా అంటే వద్దనండి, అది చట్టవిరుద్ధం.

ఇంత కష్టపడటం కంటే ఈ బండి రోజూ హైవే మీద తిరిగేవాళ్లకు అమ్మేసి మీరు చిన్న పెట్రోలు ఆటోమేటిక్ తీసుకోండి. బండి మంచిదే, మీ ఇంటికి సరిపడదు.

ప్రశ్న: ఎల్బీనగర్. పెట్రోలులో ఇథనాల్ కలిపాక నా కారు 15 నుంచి 12కి పడింది. అంతా ఇథనాలేనా?

అంతా కాదు. లీటరు ఇథనాల్‌లో పెట్రోలుకంటే మూడో వంతు శక్తి తక్కువ. 20 శాతం కలిస్తే ఉత్త పెట్రోలుతో పోల్చి ఆరేడు శాతం తగ్గాలి. అంతకుముందు మీరు పోయించుకున్నదాంట్లో కూడా పది శాతం కలిసే ఉండేది, కాబట్టి మీకు కనిపించే తేడా మూడు నాలుగు శాతమే, 15 కాస్తా పద్నాలుగున్నర అవ్వాలి. ఆ మిగతా రెండున్నర కిలోమీటర్లకు టైర్ గాలి, స్పార్క్ ప్లగ్గులు, ఏసీ, బ్రేకులు చూపించండి.

ప్రశ్న: పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆటోమేటిక్‌ని డీ (డ్రైవ్)లో ఉంచాలా, న్యూట్రల్‌లోనా?

చిన్న సిగ్నల్ అయితే డీలోనే ఉంచి బ్రేక్ పూర్తిగా నొక్కండి. పూర్తిగా అని ఎందుకంటున్నానంటే డీసీటీలో బ్రేక్ మీద కాలు సగం ఆనిస్తే బండి కదలాలనుకుంటుంది, క్లచ్ సగం పట్టుకుని వేడెక్కుతుంది. సిగ్నల్ కౌంటర్‌లో 60, 90 సెకన్లు కనిపిస్తే న్యూట్రల్ వేసి హ్యాండ్‌బ్రేక్ వేయండి, ఏసీ లేకుండా ఉండగలిగితే ఇంజినే ఆపేయండి. ఏసీ వేసుకుని నిలబడ్డ ఎస్‌యూవీ గంటకు లీటరు దాకా కాలుస్తుంది. ఫ్లైఓవర్ ఎక్కే చోట ఆగినప్పుడు మాత్రం యాక్సిలరేటర్‌తో బండిని ఆపి ఉంచకండి, బ్రేక్‌ని తనే పట్టి ఉంచే ఆటో హోల్డ్ బటన్ ఉంటే అది నొక్కండి, లేకపోతే బ్రేకే.